ఒంటి వైపరు

నారిన్ నుంచి ఆట్-బాషీకి
నలభై చిల్లర కిలోమీటర్లు, మధ్యలో ఒక కనుమ.
పదహారు సీట్ల మార్ష్రూత్కా నాది.
వైపర్లు రెండు, పనిచేసేది ఒకటి.
నా వైపుది.

బుర్మాకాన్ ముసలమ్మ ఎప్పుడూ ముందు సీటే.
ఒళ్ళో ఉన్ని మూట, మూటలోంచి గొర్రె వాసన.
ఎండాకాలం ఆ వాసనకి ముక్కు మూసుకునే కుర్రాళ్ళే
చలికాలం ఆ మూట పక్కకి జరుగుతారు.

ఆమె చేసేవి షిర్దాక్‌లు.
రెండు రంగుల ఉన్నిబట్టలు ఒకదానిమీద ఒకటి పరిచి
కత్తితో ఒకటే కోత.
ఎరుపులో ఊడిన ముక్క నలుపు కంతలోకి,
నలుపులో ఊడింది ఎరుపు కంతలోకి.
పారేసేదంటూ ఏదీ మిగలదు.
"మనుషుల్నీ ఇట్లా చేసుంటే బాగుండేది" అంటుంది
మొగుడి సంగతి ఎత్తినప్పుడల్లా.

రెండేళ్ళుగా చేతికి కొత్త గీత రావడం లేదట.
పొట్టేలు కొమ్ము, పొట్టేలు కొమ్ము, మళ్ళీ పొట్టేలు కొమ్ము.
కొనేవాళ్ళకీ అదే కావాలి.
"నా చెయ్యి కూడా గొర్రే అయిపోయింది,
తొక్కిన దారే తొక్కుతోంది" అని
సబ్బుముక్కతో గీతలు గీసే వేళ్ళు చూపించింది.
నేనేం చెప్పను? గేరు మార్చాను.

ఆకురాలే కాలం, పాప్లార్ ఆకులు తడిసి అద్దానికి అంటుకునేవి.
ఆమె లెక్కపెట్టేది. నేను తిట్టేవాణ్ణి.

మంచు పడ్డాక, వెనక కిటికీ మీద
సెజిమ్ అనే బడిపిల్ల గోటితో గుర్రం గీసింది.
కనుమ ఎక్కేలోపల దానికి ఐదో కాలు మొలిచింది.
దిగేలోపల, ఎవరి ఊపిరి తగిలిందో, తల కరిగిపోయింది.
గుర్రపుతల అని పేరున్న ఊరికి
తల లేని గుర్రంతో చేరాం.
ముసలమ్మ దారంతా వెనక్కి తిరిగి అదే చూసింది.
మెడ పట్టేసిందని మర్నాడు నన్ను తిట్టింది.

మా దగ్గర వసంతం పూలతో రాదు.
చక్రాల కింద నుంచి వస్తుంది, బురదగా.
మార్చిలో ఒకరోజు ఎదురొచ్చిన లారీ
అద్దం నిండా చిమ్మి పోయింది.
నా ఒంటి వైపరు కిర్రుమంటూ లేచి
అర చందమామంత తుడిచింది.
నావైపు ఆకాశం, కొండ అంచు, ఒక గద్ద.
ఆమెవైపు గోధుమరంగు చీకటి.
రెండింటి సరిహద్దున వేళ్ళు జాపినట్టు
జారుతున్న మట్టినీళ్ళు.

"ఆపు" అంది.
బండి అనుకున్నాను. బండి కాదు, వైపరు.
రెండూ ఆపాను, కనుమ నడినెత్తిన,
వెనక పదిహేనుమంది గొణుగుతుండగా.
ఆమె వేలు అద్దం లోపలివైపు నుంచి
ఆ అంచు పట్టుకుని నడిచింది, చీమంత నెమ్మదిగా,
చీకటి ఎక్కడ ఊడిందో, వెలుతురు ఎక్కడ అతికిందో
తడుముకుంటూ.
ఆ వేలి మరక ఇంకా ఉంది. తుడవలేదు.
బద్ధకం అనుకోండి.

వేసవంతా ఆమె మందతో పైన, గడ్డి కొండల్లో.
ముందు సీట్లో ఎవరెవరో కూచున్నారు,
అందరూ ఫోన్లు చూసుకున్నారు.

సెప్టెంబరులో ఎక్కి, టికెట్ డబ్బులకి బదులు
ఒక చిన్న చుట్ట విప్పి నా సీటు మీద పరిచింది.
తెలుపూ, గోధుమా.
ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే "ఓ, పొట్టేలు కొమ్మా" అన్నారు.
ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.
నేను అంచున జారిన వేళ్ళు లెక్కపెట్టాను, ఏడు.
ఒక మూలన, నా తొడకింద పడి ఎవరికీ కనపడని చోట,
కాలు ఎక్కువైన గుర్రం.

అదే కోతకి పుట్టిన రెండోది,
గోధుమలో తెలుపు, అదెక్కడ అని అడిగాను.
"ఆ పిల్లకిచ్చాను. దానిమీద కూచుని
లెక్కలు తప్పు చేస్తోందట."

రెండో వైపరు బాగుచేయించమని
మా ఆవిడ గుల్సున్ ప్రతి ఆదివారం పోరుతుంది.
నిజమే, ప్రాణాలమీది మాట.
చేయిస్తాను, ఈ బురదకాలం ఒక్కటి వెళ్ళనియ్యి అన్నాను.
ఆమె బయటికి చూసింది.
బయట ఇంకా సెప్టెంబరే.